పక్కపీట

దర్శి,
కార్తీక సోమవారం

చి.సౌ. పున్నమ్మకి అక్క ఆశీస్సులు.

మొన్న ఫోన్లో పావుగంట అరిచాను. నీకు ఒక్క ముక్క వినపడలేదు గానీ మా వీధి వీధంతా వింది. గాజులమ్మే ఖుర్షిదా పక్కింట్లోంచి పరిగెత్తుకొచ్చి "ఎవరితో తగాదా అమ్మా?" అని అడిగింది. మా చెల్లెలితో క్షేమసమాచారాలు మాట్లాడుతున్నానంటే నమ్మలేదు. కన్నకూతురు శ్రీరమ్య కొనిచ్చిన చెవిమిషను బీరువాలో చీరల కింద దాచావట కదా. అది పెట్టుకోవడానికే గానీ దాచుకోవడానికి కాదమ్మా.

ఫోన్లో అక్షరాలు కొట్టడం నాకు చేతకాదు. గొంతు రికార్డు చేసి పంపితే నీకు వినపడదు. ఇక మిగిలింది ఉత్తరమే. తాతయ్య మనిద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఈ వయసులో పనికొస్తుందని అనుకోలేదు.

ఇక్కడ పత్తి రెండో తీత అయింది. మిరపకి నల్లతామర పురుగు పట్టింది. మా అబ్బాయి ప్రేమ్‌చంద్ రోజూ చేలోనే ఉంటున్నాడు. మీ బావకి దగ్గు తగ్గలేదు, గుంటూరు తీసుకెళ్ళి చూపించాం, ఏవో ఫోటోలు తీసి మందులిచ్చారు. మిగతా అంతా మామూలే.

శ్రీరమ్య సంబంధం ఎంతవరకు వచ్చింది? తాడేపల్లి వాళ్ళు మళ్ళీ వచ్చారా? వివరంగా రాయి. నీకు వివరంగా రాయమని చెప్పక్కర్లేదనుకో.

ఇట్లు,
అక్క సుబ్బరావమ్మ


పర్చూరు,
ఆదివారం

మహాలక్ష్మీ సమానురాలైన అక్కకి,

నవ్వకు. ముత్తైదువకి రాస్తే మహాలక్ష్మి అని, మొగుడు పోయినావిడకి రాస్తే గంగాభాగీరథి అని మొదలుపెట్టాలని తాతయ్య నెత్తిమీద మొట్టి మరీ నేర్పాడు. ఆ మొట్టికాయ ఇంకా గుర్తుంది నాకు. చెవిమిషను సంగతి ఎత్తకు. అది పెట్టుకుంటే ఫ్యాను గోల, కుక్కర్ గోల, కోడలి గోల అన్నీ ఒకేసారి లోపలికొస్తున్నాయి. లేకపోతేనే ప్రాణానికి హాయిగా ఉంది.

సంబంధం ఖాయమైంది! వైశాఖంలో పెళ్ళి. పిల్లాడు బంగారం, శ్రీరమ్యతో పాటు బెంగళూరులోనే ఉద్యోగం. వాళ్ళ నాయనమ్మ మాత్రం పట్టింపుల పుట్ట. మా గుమ్మం దాటేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలా అని ఆగి ఆలోచించింది తల్లి. ఆవిడ ఆలోచన తెమిలేలోగా కాఫీలు చల్లారిపోయాయి.

ఇంకో వింత విను. మన పిల్ల ఆఫీసు స్నేహితురాళ్ళు ఆరుగురు బ్రైడ్స్‌మెయిడ్స్ అట. ఆరుగురికీ ఒకే రంగు లెహంగాలు. "ఏం చేస్తారే వీళ్ళు?" అన్నాను. "నాతో నడిచొస్తారు, డాన్స్ చేస్తారు, ఫోటోలు దిగుతారు" అని కాగితం మీద రాసి చూపించింది. "ఆ తర్వాత?" అన్నాను. "ఎవరి ఫ్లైటుకి వాళ్ళు వెళ్ళిపోతారు" అని రాసింది. నాకు నవ్వాగలేదు. నేను మీ పెద్దమ్మకి తోడి పెళ్ళికూతుర్నై అత్తారింటికి కూడా వెళ్ళి పదిరోజులుండి వచ్చానే పిచ్చిమొహమా అన్నాను. అది పెన్ను కింద పెట్టి "నిజంగా?" అన్నట్టు నోరు తెరిచింది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు కదూ. నీకు తోబుట్టువుల్లేరని పిన్నికూతుర్ని నన్ను కూర్చోబెట్టారు. నీ పీట పక్కన నాకో చిన్న పీట. నీకు నలుగు పెడితే నాకూ పెట్టారు. నీకు వంకాయరంగు చీర, పసుపు అంచు. నాకు అదే రంగు, అదే అంచు పరికిణీ. బాసికం నీకే కట్టి నాకు కట్టలేదని ఏడ్చి ఎంత రచ్చ చేశానో! దర్శిలో మీ అత్తగారి వైపు ఆడవాళ్ళు నీ గడ్డం పట్టి లేపి లేపి చూస్తుంటే "మా అక్కేమన్నా సంతలో గేదా?" అని అరిచానట. బావ కనపడినప్పుడల్లా "ఏమ్మా గేదె బేరగాడా" అంటాడు ఇప్పటికీ.

అవునూ, బావ దగ్గు సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ నీ అక్షరాలు వంకర పోయాయి. చెవులు పోయాయి గానీ కళ్ళు బాగానే ఉన్నాయి నాకు. ఏంటక్కా?

నీ చెల్లెలు
పున్ని


దర్శి,
మార్గశిరం

పున్నీ,

దాచి లాభం లేదు. ఊపిరితిత్తిలో గడ్డ. ముదిరిపోయిందట. గుంటూరులో డాక్టరు ప్రేమ్‌చంద్‌ని పక్కకి పిలిచి చెప్పాడు. వాడు మొహం కడుక్కుని వచ్చి కారెక్కాడు. మీ బావ ముందు సీట్లో కూర్చుని "ఏరా, పోతానని చెప్పాడా?" అన్నాడు. వాడు స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చేశాడు. ఇంట్లో దాపరికం అక్కడితో అయిపోయింది.

ఆయన మామూలుగానే ఉన్నాడు. పొద్దున్నే కళ్ళం దగ్గర మంచం వేయించుకుని కూలీల మీద కేకలేస్తాడు, కేకేస్తే దగ్గొస్తుంది, దగ్గొస్తే నన్ను తిడతాడు. నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి. నేనెట్లా ఉన్నానని అడక్కు.

నీకొకటి చెప్పాలి. ఇంకెవరికీ చెప్పేది కాదు. ఆయన పోతాడన్న దుఃఖం ఒకటి, దాన్ని ఎట్లాగో మోస్తాను. దానితో పాటు ఇంకో భయం పట్టుకుంది. పెద్దకర్మ రోజు.

నాన్న పోయినప్పుడు అమ్మకి చేసింది నువ్వు చూడలేదు, కాన్పుకి వెళ్ళి ఉన్నావు. తెల్లవారుజామున అమ్మకి తలంటి, ఒళ్ళంతా పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టి, తలనిండా పూలు పెట్టి, మోచేతుల దాకా గాజులేసి పీట మీద కూర్చోబెట్టారు. పెళ్ళికూతుర్ని చేసినట్టే చేశారే. ముత్తైదువలు ఒక్కొక్కరే వచ్చి బొట్టు పెట్టి, మొహం తిప్పుకుని గదిలోంచి వెళ్ళిపోయారు. నేనూ ముత్తైదువనే కాబట్టి నన్ను ఇద్దరు పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. తలుపేశారు. లోపల మొగుళ్ళు లేని ముసలమ్మలు ముగ్గురు, మధ్యన అమ్మ. గాజులు పగలగొట్టిన చప్పుడైంది. అమ్మ ఏడవలేదు. "సుబ్బులూ, ఎక్కడున్నావే?" అని మాత్రం అడిగింది.

పెళ్ళిపీట పక్కన తోడి పెళ్ళికూతురికి పీట వేస్తారు. దీనికి వెయ్యరు. ఎందుకు వెయ్యరో నాకు తెలీదు. పెళ్ళిలో చుట్టూ వెయ్యిమంది ఉండగా తోడు అక్కరకొచ్చిందా? దీనికి అక్కర్లేకపోయిందా?

నా పెళ్ళికి నా పక్కన కూర్చున్నావు. దీనికీ కూర్చుంటావా పున్నీ?

నువ్వు పసుపు కుంకాలున్నదానివి, పెళ్ళికూతురి తల్లివి. అడక్కూడదని తెలుసు. పై వాక్యం కొట్టేద్దామని పెన్ను పెట్టి కూడా కొట్టెయ్యలేకపోయాను.

అక్క


పర్చూరు

అక్కకి,

మనిషి బతికుండగానే పెద్దకర్మ మాటలేంటి నీకు? బావకి ధైర్యం చెప్పాల్సినదానివి. నీ ఉత్తరం చదివి చింపేశాను. ఇంకెప్పుడూ ఇట్లాంటివి రాయకు.

హైదరాబాదులో పెద్ద డాక్టర్లున్నారు. శ్రీరమ్య కనుక్కుంటానంది. గోంగూర పచ్చడి పట్టాను, బావకి ఇష్టమని ఎండుమిర్చి ఎక్కువ వేశాను. దగ్గుకి కారం పనికిరాదేమో, నువ్వే చూసి పెట్టు. వచ్చే ఆదివారం ఈయన్నీ తీసుకుని చూడ్డానికి వస్తున్నాను.

పున్ని


దర్శి,
ధనుర్మాసం

చి.సౌ. పున్నమ్మకి,

మీరిద్దరూ వచ్చి చూసి వెళ్ళినందుకు సంతోషం. మీ బావ ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. పచ్చడి వద్దంటే నా చేతిలోంచి లాక్కుని మరీ నాకాడు.

నువ్వు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నావు. పెళ్ళి హాలు, భోజనాలు, లెహంగాలు, అన్నీ చెప్పావు. నేనడిగింది మాత్రం ఎత్తలేదు. పెరట్లో నేను గిన్నెలు కడుగుతుంటే నా వెనకే వచ్చి నిలబడ్డావు. చెప్తావేమోనని నీళ్ళ పంపు కట్టేశాను. నువ్వు కరివేపాకు రెండు రెబ్బలు తుంచుకుని లోపలికెళ్ళావు. నీ మొహం చూసి నేనూ అడగలేదు. మీ ఆయన శ్రీకృష్ణ కారు దగ్గర హారను కొడుతున్నాడు కదా, పోన్లే అనుకున్నాను.

మిరప కోతలు మొదలయ్యాయి. కూలీలు దొరకడంలేదు.

అక్క సుబ్బరావమ్మ


పర్చూరు,
పండగ వెళ్ళాక

మహాలక్ష్మీ సమానురాలైన అక్కకి,

పంపు కట్టేశావని నాకు తెలుసు. నీళ్ళ చప్పుడు నాకెట్లాగూ వినపడదు, అయినా నువ్వు నాకోసం కట్టేశావు. అది తల్చుకుని కారులో అద్దంకి దాకా ఏడ్చాను. ఈయన బావకోసం అనుకున్నాడు.

అక్కా, నేను ఈయన్ని అడిగాను. అన్నం పెడుతూ అడిగాను, అదే పొరపాటేమో. కంచం ముందునుంచి లేచిపోయాడు. తర్వాత కాగితం తీసుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "కూతురి పెళ్ళి పెట్టుకుని గాజులు తీసే చోట కూర్చుంటావా? తాడేపల్లి వాళ్ళకి తెలిస్తే?" ఆ కాగితం చూపించి, చించి, మళ్ళీ భోజనానికి కూర్చున్నాడు. మంచి మనిషే అక్కా, నీకు తెలుసు. భయం.

భయం ఆయనకేనా? నాకూ ఉంది. అబద్ధమాడను. నేను ఆ పీట పక్కన కూర్చుని వచ్చి, రేపు నా పిల్ల కాపురంలో చిన్న నలుసు పడినా, అది నావల్లే అనుకుంటాను. ఎవరూ అనకపోయినా నేననుకుంటాను. నాకంత ధైర్యం లేదు. పదకొండేళ్ళప్పుడు ఉండేది, గేదెలూ సంతలూ అని అరిచేదాన్ని. ఇప్పుడు లేదు.

నేను రాలేనక్కా.

బావని చూసుకో. నిన్ను చూసుకో. నన్ను తిట్టు, పరవాలేదు. నాలుగు పేజీలు తిట్టు, చదువుకుంటాను.

పున్ని


దర్శి,
మాఘం

చి.సౌ. పున్నమ్మకి,

తిట్టను. నువ్వు రావద్దు. ఇది కోపంతో రాస్తున్న మాట కాదు, అక్కగా చెప్తున్నాను. నీ కూతురి పెళ్ళి చల్లగా జరగాలి. నాకూ అది నా పిల్లే.

నీకు గుర్తుందో లేదో, నన్ను పెళ్ళికూతుర్ని చేసిన రోజు నువ్వు పీట మీద కూర్చుని లడ్డూ తింటూనే నిద్రపోయావు. నీ తల నా ఒళ్ళో పెట్టుకుని "ఈ నిద్రమొహాన్ని ఎందుకమ్మా నాతో పంపడం, ఇదేం చేస్తుంది?" అని అడిగాను. అమ్మ నవ్వి "అదేం చెయ్యక్కర్లేదే. అంత కొత్తమొహాల్లో నువ్వు తలెత్తి చూస్తే తెలిసిన మొహం ఒకటి ఉండాలి. దాని పని అంతే" అంది. ఆ పదిరోజులూ నేను చాలాసార్లు తలెత్తాను. నువ్వు ప్రతిసారీ అక్కడే ఉన్నావు. మీ బావ ఇప్పించిన గోలీసోడా తాగుతూ, మూతి తుడుచుకుంటూ.

నిన్న మీ బావ తనంతట తనే ఆ మాట ఎత్తాడు. "నేను పోతే మా వాళ్ళు నీ మీద పడతారు. ఆ గేదె బేరగాడిని పిలిపించుకో, అది ఉంటే ఎవడూ నీ గడ్డం పట్టుకోడు" అన్నాడు. నువ్వు రాలేనన్నావని చెప్పాను. కాసేపు కళ్ళు మూసుకుని "పోన్లే, ఆడపిల్ల పెళ్ళి చేస్తోంది. నువ్వు దాన్నేం అనబాక" అన్నాడు. మాట బాగా సన్నబడిపోయింది. చెవి దగ్గర పెట్టి వినాల్సొస్తోంది.

కళ్ళమంతా కాయలు పరిచారు. ఘాటుకి ఆయన దగ్గు ఎక్కువవుతోందని మంచం లోపలికి మార్చాం. ఎర్రగా కనపడేది కనపడకుండా పోయిందని అలిగాడు. కిటికీ తీసి ఉంచాను.

అక్క


దర్శి,
ఫాల్గుణం

పున్నీ,

ఆయన పెద్దకర్మ రోజు నీకు వినపడని మాటలు చాలా ఉన్నాయి. అవి నీకు చేర్చకపోతే నాకు నిద్రపట్టడంలేదు. అన్నీ రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందురోజు సాయంత్రం ఖుర్షిదా వచ్చి నా చేతులకి గాజులేసింది. ఎన్ని పండగలకి వేసిందో ఈ చేతులకి. మోచేతుల దాకా వేస్తున్నా ఒక్కటీ బిగుతు లేదు, గలగలా జారుతున్నాయి. చేతులు చిక్కిపోయాయా, దీనికి సైజు మతికి రాలేదా అనుకున్నాను. "జారే సైజే ఏశానమ్మా" అంది తల ఎత్తకుండా.

పొద్దు కాస్త ఎక్కాక నన్ను తయారుచేసి పీట మీద కూర్చోబెట్టారు. బొట్లు పెట్టడం అయిపోయింది. ముత్తైదువలు వెళ్ళిపోతున్నారు. నేను తల వంచుకునే ఉన్నాను, ఎవరున్నారని ఎత్తాలి? అప్పుడు గుమ్మంలో వంకాయరంగు కనపడింది. అంతమంది ఆడవాళ్ళు ఎదురొస్తుంటే నువ్వొక్కదానివే లోపలికొస్తున్నావు. చేతిలో బస్సు సంచి, ఒంటి మీద వంకాయరంగు చీర, పసుపు అంచు. అట్లాంటిదే ఇంకోటి తీసి నా భుజాల మీద కప్పావు. మూలనున్న పీట కాలితో ఈడ్చుకుని నా పక్కన చతికిలబడ్డావు.

ఇక విను. మొగుడు పోయిన మా పెద్దాడబిడ్డ "ఎవురే ఇది, బొట్టూ కాటికా పెట్టుకుని ఈడ కూచుంది?" అంది. ఎవరో నీ పేరు చెప్పారు. "కూతురి పెళ్ళి పెట్టుకుని బుద్ధుందా దీనికి? లేవమనండి" అంది. నువ్వు "ఆఁ?" అన్నావు. ఆవిడ నీ చెవిలో అరిచింది. నువ్వు "చెవుడు వదినా, గట్టిగా చెప్పు" అన్నావు. ఆవిడ ఇంకా గట్టిగా అరిస్తే పందిట్లో మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నీకు పెదాలు చూసి చిన్న చిన్న మాటలు తెలుసుకోవడం వచ్చని నాకు తెలుసే దొంగదానా! అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆయన ఉంటే ఎంత నవ్వేవాడో అనుకోగానే ఏడుపొచ్చింది.

తలుపేశారు. నువ్వు లోపలే ఉన్నావు.

మా పెద్దాడబిడ్డ గాజులు పగలగొట్టడానికి రోకలిబండ తెచ్చేలోగా నువ్వు నా చెయ్యి నీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క గాజూ జార్చడం మొదలుపెట్టావు. తొందరేమీ పడలేదు. చిన్నప్పుడు నా జడ విప్పేదానివి చూడు, అట్లా. ఒక్కటి కూడా పగల్లేదు. "అట్టా కాదు, పగలాలి" అని ఆవిడ అంటుంటే మూలన నీ వెనక కూర్చున్న బక్క ముసలమ్మ, ముప్పై ఏళ్ళనుంచి మా ఊళ్ళో అందరికీ ఈ పని చేస్తున్నావిడ, "తీయాల్సినయ్యి తీసింది గదా, ఇంక ఊరుకోండి" అంది. తర్వాత ఎవరికీ వినపడకుండా తనలో తనే ఇంకో మాట అనుకుంది. నేను దగ్గరున్నాను కాబట్టి విన్నాను. "మాకెవురూ ఇట్టా కూచోలేదు" అంది.

ఆ మాట నీకు చేరాలి పున్నీ. అందుకే ఈ ఉత్తరం.

ఆయన మాత్రం లేడు. నువ్వొచ్చినా, గాజులు పగలకపోయినా, అది మారదు. కళ్ళం వైపు కిటికీ ఇంకా వెయ్యబుద్ధి కావడంలేదు.

నువ్వు భోజనం కూడా చెయ్యకుండా ఆ గాజులు కొంగున కట్టుకుని పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయావు. ఇంట్లో ఏమన్నారు? శ్రీకృష్ణ ఏమన్నాడు? దాచకుండా రాయి.

అక్క


పర్చూరు,
ఉగాది ముందు

మహాలక్ష్మీ సమానురాలైన అక్కకి,

మొదటి మాట మార్చి రాయాలని తాతయ్య నేర్పాడు. నేను మార్చను. ఆయన వచ్చి మళ్ళీ మొట్టమను.

నీ ఉత్తరం చదువుకున్నాను. ఆ ముసలమ్మ మాట దగ్గర ఆగిపోయి, పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. ఆవిడ పేరు కనుక్కో. ఆవిడకి ఒక చీర పెడతాను.

ఎట్లా వచ్చానో చెప్పనా? నువ్వు తిట్టి ఉంటే రాకపోదును. "రావద్దు" అని రాశావు చూడు, బావ "దాన్నేం అనబాక" అన్నాడని రాశావు చూడు, ఇక నాకు అన్నం సహించలేదు. బావ పోయాడని ప్రేమ్‌చంద్ కబురు పంపినప్పుడు ఈయనతో వచ్చి, పరాయిదానిలా చూసి, పరాయిదానిలా వెళ్ళాను. నీ దగ్గరకొచ్చి ఏడవనైనా ఏడవలేదు. పెద్దకర్మకి ముందు మన పిల్ల పెళ్ళికి పెట్టుబడి చీరలు కొనాలని చీరాల వెళ్ళాను. అక్కడ షాపులో అన్నిటికంటే పైన వంకాయరంగుది, పసుపు అంచుది కనపడింది. చేనేత. "రెండున్నాయా?" అన్నాను. ఉన్నాయన్నాడు. తెల్లవారుజామున ఈయన లేవకముందే అద్దంకి బస్సెక్కాను. ఆ పెదాలు చదివే సంగతి మీ ఆడబిడ్డకి చెప్పకు, ముందు ముందు పనికొస్తుంది.

ఇంట్లో అంతా బాగానే ఉంది. ఈయన నాతో మాట్లాడటంలేదు. ఎట్లాగూ నాకు వినపడదు కదా, పెద్ద తేడా తెలియడంలేదు. పెళ్ళిపనులు జోరుగా సాగుతున్నాయి. ఆ ఆరుగురు పిల్లల్లో ఇద్దరు వచ్చి డాబా మీద డాన్సు నేర్చుకుంటున్నారు. పాట వినపడకుండా చూస్తే ఒళ్ళంతా చీమలు పాకినట్టు గెంతుతారు. పిల్లలు మంచివాళ్ళే, నాకు మామిడికాయలు కోసిపెట్టారు.

గాజులు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. కాలవలో వెయ్యమన్నారు, వెయ్యలేదు.

పెళ్ళికి నువ్వు రావద్దులే అక్కా. ఎండలు మండిపోతాయి. ఏడాదిలోపు గడప దాటితే మీవాళ్ళు ఊరుకోరు. పిల్లల్ని నేనే తీసుకొచ్చి నీకు చూపిస్తాను. ఫోటోలు కూడా తెస్తాను. మనసులో ఏం పెట్టుకోకు. ఇక్కడ అంతా బాగానే ఉంది.

పున్ని


దర్శి,
వైశాఖం

పున్నీ,

"అంతా బాగానే ఉంది" అని రెండుసార్లు రాశావు. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పటినుంచీ రాదు.

శ్రీరమ్య ఫోన్ చేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది. నువ్వు నా పక్కన కూర్చున్న సంగతి మా పెద్దాడబిడ్డ దగ్గర మొదలై ఆ నోటా ఈ నోటా పడి తాడేపల్లి దాకా పోయిందట. పీటల మీద కూర్చుని కన్యాదానం నువ్వు చెయ్యకూడదని ఆ నాయనమ్మగారు కబురు పెట్టారట. నువ్వు లేకుండా శ్రీకృష్ణ ఒక్కడే ఎట్లా కూర్చుంటాడు? శ్రీకృష్ణ అన్నగారూ, వదినగారూ కూర్చుంటున్నారట. పిల్లాడు వాళ్ళ నాయనమ్మతో పోట్లాడాడట, ఆవిడ మంచమెక్కిందట. "అయితే నాకీ పెళ్ళే వద్దు" అని పిల్ల అంటే లాగి చెంప మీద కొట్టావట. "నేను ఇష్టపడి చేసుకున్నది, నువ్వు దీనికోసం నీ బతుకు పాడుచేసుకోకు" అన్నావట. నిన్ను ఎక్కడ కూర్చోబెడుతున్నారో కూడా చెప్పింది. ముత్తైదువల్లో కలవకుండా, హాల్లో ఆఖరి వరసలో, భోజనాల తలుపు పక్కన.

కన్నపిల్ల చెయ్యి నీ చేత్తో పట్టుకుని అప్పగించాల్సినదానివి. అది పోయింది నీకు. నా వల్లే పోయింది. నన్ను క్షమించమని అడిగితే నువ్వు తిడతావు కాబట్టి అడగను. కానీ ఈ నాలుగు రోజులూ నేను ముద్ద మింగలేదని నీకు తెలియాలి.

పెళ్ళికి వస్తున్నాను. ఏడాది దాకా గడప దాటకూడదని మా పెద్దాడబిడ్డ వచ్చి గంటసేపు చెప్పింది. "ఆఁ? నాకూ చెవుడొచ్చింది వదినా" అన్నాను. ప్రేమ్‌చంద్ కారు తీస్తానన్నాడు. వాడు రాకపోతే నువ్వెక్కిన బస్సు నేనూ ఎక్కగలను.

గాజులు మాత్రం తేవద్దు. ఆయనకోసం వేసుకున్నవి, ఆయనతోటే పోయాయి. నేను భయపడ్డది గాజులు పోతాయని కాదు, ఒంటరిగా కూర్చోవాలని. నువ్వు కూర్చోనివ్వలేదు.

నన్ను ముందు వరసల్లో ఎట్లాగూ కూర్చోనివ్వరు. ఆఖరి వరసలో నీ పక్క కుర్చీ ఖాళీగా ఉంచు. ఎవరన్నా వచ్చి కూర్చోబోతే నీ సంచి పెట్టు. ఆ వంకాయరంగు చీరే కట్టుకో, నేనూ అదే కట్టుకొస్తున్నాను. మన ముందంతా జనం లేచి నిలబడతారు, ఫోటోలవాళ్ళు అడ్డమొస్తారు, నీకు పిల్ల కనపడదు. గట్టిమేళం వినపడదు. నువ్వు కంగారుపడకు. మేళం మోగగానే నీ చెయ్యి గట్టిగా నొక్కుతాను. అప్పుడు వెయ్యి అక్షింతలు.

అక్క